డిస్కో దరువు మీద మోహన రాగం

మన పిల్లల సంగీతానికి రెండు అలమారాలుంటాయి. ఒకదాంట్లో శనివారం క్లాసు, శ్రుతిపెట్టె, సరళీ స్వరాలు. రెండోదాంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే ఎలక్ట్రానిక్ పాటలు. మొదటి అలమారాకి తాళం వేసేద్దామని మా పదకొండేళ్ల అమ్మాయి ఈ మధ్య గట్టిగానే అడుగుతోంది. ఈ రెంటినీ ఒకే చోట చేర్చిన రికార్డు ఒకటుందని తెలిసి, డబ్లిన్‌లో మా ఇంట్లో ముగ్గురం కూర్చుని విన్నాం. మూడో మనిషి మా నాన్నగారు. తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలుంటారు.

ఆ రికార్డు పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. చేసినవారు చరణ్‌జిత్ సింగ్, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన కళాకారుడు. 1982లో ఆయన తబలా పక్కన పెట్టి, పది హిందుస్తానీ రాగాలను మూడు రోలాండ్ యంత్రాల మీద వినిపించారు. రాగం జూపిటర్-8 మీద, కింద మంద్రంగా నడిచే బేస్ టీబీ-303 మీద, దరువు టీఆర్-808 మీద. హెచ్.ఎం.వి. రికార్డు వేసింది గానీ కొన్నవాళ్లు తక్కువ.

చిత్రమేమిటంటే ఆ 303 కూడా బజారులో ఓడిపోయిన సరుకే! ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారులకు తోడుగా ఉంటుందని చేశారు. ఎవరికీ నచ్చక 1984లో ఆపేశారు. అలా చవగ్గా దొరికిన పాత పెట్టెలతో చికాగో కుర్రాళ్లు 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' చేశారు, దాంతో ఆసిడ్ హౌస్ అనే కొత్త బాణీ పుట్టింది. 2010లో ఒక డచ్చి సంస్థ సింగ్ గారి రికార్డును మళ్లీ తెచ్చినప్పుడు విన్నవాళ్లు తెల్లబోయారు. అదే ధ్వని, అయిదేళ్లు ముందుగా, బొంబాయిలో! ఇదేదో ఇప్పుడు చేసి పాతదని నమ్మిస్తున్నారని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఆయన 2015లో కన్నుమూశారు.

సరే, మా ఇంటి సంగతి. భూపాలీ మొదలైన కాసేపటికి అమ్మాయి తల ఎత్తింది.

"అమ్మా, ఇది వరవీణ కదా?"

వరవీణ కాదు, ఆ రాగం. హిందుస్తానీ భూపాలీకి, మన మోహనకి స్వరాలు ఒకటే: స రి గ ప ద. క్లాసులో గీతం పాడమంటే మూతి ముడుచుకునే పిల్ల, ఎవరూ అడక్కుండా ఆ స్వరాలు కూనిరాగం తీసింది. యమన్ వస్తే కల్యాణి అని తనే పోల్చుకుంది. మాల్కౌన్స్ మాత్రం వాళ్ల తాతయ్యే ముందు పట్టారు, "హిందోళం" అని.

పట్టారే గానీ ఒప్పుకోలేదు. "రాగానికి గమకం ప్రాణం అమ్మలూ. మీట నొక్కితే వస్తుందా?"

303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటుంది. "మన గమకాల్లో జారు లాంటిదే కదా నాన్నగారూ" అన్నాను. "జారు సరే, కంపితం ఏదీ?" అన్నారు. పద్యనాటకాలు చూసి పెరిగిన మనిషి ఆయన. హార్మోనియం లేని పద్యం ఆయనకు పద్యమే కాదు. కానీ హార్మోనియంలో జారూ లేదు, కంపితమూ లేదు! అది మన రాగాలకు పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా సడలించలేదు. ఈ మాట చెబితే నవ్వి, "పెట్టె మారినా గొడవ మారలేదన్నమాట" అన్నారు.

కంపితం మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. మనకు డంబార్టన్ వంతెన అవతలే ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో 1967లో జాన్ చౌనింగ్ కంప్యూటరు మీద స్వరాన్ని ఊపి చూస్తున్నారు. ఊపు వేగం పెంచుతూ పోతే ఒక దశలో ఊపు వినపడటం మానేసి, స్వరానికి కొత్త గొంతు వచ్చింది. యమహా 1983లో తెచ్చిన డీఎక్స్-7 కీబోర్డుకు మూలం ఇదే. ఇది చెప్పినప్పుడు అమ్మాయి గొంతుతో ప్రయత్నించి దగ్గు తెచ్చుకుంది, అది వేరే సంగతి.

నాన్నగారి ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం నాకూ నిజమే అనిపించింది. మృదంగం పాటను వింటూ నడుస్తుంది. 808 ఎవరినీ వినదు. పది రాగాలకూ ఇంచుమించు అదే దరువు కావడంతో ఏకబిగిన వింటే విసుగొస్తుంది. రోజుకు రెండు చాలు.

పిల్లలూ, వినేటప్పుడు ఆది తాళం వేసి చూడండి. డిస్కోలో ఒక బార్‌కి నాలుగు దెబ్బలు, రెండు బార్లకు మీ ఎనిమిది అక్షరాలూ సరిపోతాయి. మా అమ్మాయి ఇప్పుడు వేస్తోంది. క్లాసు సంగతి ఇంకా తేల్చలేదు. ఉగాది దాకా చూస్తానంది.