మాటను కాపాడు అంకెలు

రైలులోనో మోటారులోనో సాగిపోవుచు దూరపు బంధువులతో సెల్‌ఫోనున మాటలాడనివారు నేడు అరుదు. ఆ మాట చెడక చేరుటకు యంత్రబలమే కారణమని పలువురు తలంతురు. బలము చాలదు, దానికి లెక్క తోడు కావలెనని మేము మనవి చేయుచున్నాము.

రేడియో తరంగము కొండలకును మేడలకును తాకి పలు త్రోవల వచ్చును. ఆ పాయలు ఒకదానినొకటి బలపరచుటయు గలదు, మ్రింగివేయుటయు గలదు. ఫోను కదలుచున్నకొలది ఈ స్థితి క్షణక్షణము మారును. మాట ఒకటి, సున్న యను అంకెలుగా పోవును గావున, తరంగము సన్నగిల్లినప్పుడు అంకెలు గుంపుగా తారుమారగును. తంతివార్త యైనచో మరల పంపుమని కోరవచ్చును. నడచుచున్న సంభాషణకు అంత వ్యవధి యెక్కడిది?

కావున అదనపు అంకెలను లెక్క ప్రకారము ముందే చేర్చి పంపుదురు. జి.యస్.యం. పద్ధతిలో తొలుత వచ్చిన యేర్పాటున, సెకండులో 50వ వంతు పలుకునకు 260 అంకెలు. వానిలో చెవికి ముఖ్యములైన 182 అంకెలకు మాత్రమే రక్షణ కల్పింతురు. తక్కిన 78 ఉన్నవి ఉన్నట్లే పోవును. మొత్తము 456 అగును. వీనిని 8 భాగములు చేసి వేర్వేరు క్షణములందు పంపుదురు. విత్తనమంతయు ఒకే గాదెలో పోయని కాపు జాగ్రత్త యిదియే: ఒక భాగము చెడినను, మిగిలినవాని సాయమున పోయినదానిని రాబట్టవచ్చును.

ప్రతి మార్గమునకును ఒక పరిమితి గలదనియు, దానికి లోబడి పంపినచో దోషమును కోరినంత తగ్గించు సంకేతములు గలవనియు క్లాడ్ షానన్ 1948లో నిరూపించెను. ఆచరణకు దిగు సంకేతమేదో ఆయన చూపలేదు. 1960లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రాబర్ట్ గాలగర్ తన పరిశోధన వ్యాసములో ఒక మేలైన సంకేతమును ప్రతిపాదించెను. నాటి గణనయంత్రములకు ఆ లెక్క మోయరాని బరువయ్యెను. ముప్పది యేండ్లకు పైగా దానిని తలచినవారు బహు కొద్దిమంది. 1990ల నడుమ అది మరల వెలికివచ్చినది. నేడు ఐదవ తరపు ఫోనులలో సమాచారమును కాపాడుచున్నది.

ఈ చదువువలన రేపు వచ్చు లాభమేమని అడుగు ధనికులును ప్రభుత్వములును ఈ చరిత్రను గమనింపవలెను. పరిశోధనకు కౌలుగడువు పెట్టరాదు. తాటిటెంక పాతిన తాత ముంజెలు తానే తినవలెనని పట్టుపట్టునా? భూమి నెరిగిన మన పాఠకులకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.