సగం సైకిలు ఖరీదెంత?

మా ద్రాక్షారామంలో పాత ఇనుము కొనే మనిషి వీధిలోకి వచ్చి కేక వేశాడంటే, అటకల మీదినుంచీ పశువుల పాకల మూలలనుంచీ పాత సైకిళ్ళు బయటికి వస్తాయి. ఒకదానికి సీటు ఉండదు. ఒకదానికి ముందుచక్రం ఉండదు. ఇంకొకదాని చైను ఎవరో ఊడదీసి దొడ్డిగుమ్మానికి తాళం వేసుకోవటానికి వాడుకొని ఉంటారు. ఆ మనిషి సైకిలును తక్కెడ కొక్కేనికి తగిలిస్తాడు. ఇన్ని కిలోలు, ఇంత డబ్బు అంటాడు. ఇంట్లోవాళ్ళు, "పోనీలే, చోటన్నా కలిసివచ్చింది" అనుకుంటారు.

పిల్లలూ, ఈ తక్కెడ లెక్కలో ఒక వింత ఉన్నది. మనం చూసే నల్లటి పెద్ద సైకిలు సుమారు 20 కిలోలు తూగుతుంది. ఒకప్పుడు ఇటలీ దేశంలో పందేలకు తయారు చేసిన సైకిలు 10 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే తక్కెడ ప్రకారం ఇటలీ సైకిలు మన సైకిలులో సగం ధరే చేస్తుంది! కాని దాన్ని అంత తేలికగా చెయ్యటానికే పనివాళ్ళు ఎక్కువ కష్టపడ్డారు. దానికి ఎక్కువ ధర పలకటానికి ఒక కారణం ఆ తేలికదనమే.

మరి అటువంటి సైకిలు సగమే దొరికితే దానికి వెల కట్టటం ఎలాగు? ఇది నేను కల్పించిన లెక్క కాదు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ఇటలీలో, మిలాను నగరంలో పైచదువు చదువుతున్నాడు. ఒకనాడు ఒక ఫోటో పంపి ఇలా రాశాడు:

"మాస్టారూ, నమస్కారం. ఇక్కడి సంతలో దీన్ని చూశాను. చట్రం, ముందు ఫోర్కు, హ్యాండిలు, క్రాంకులు, గేర్లు మార్చే సామాను ఉన్నాయి. చక్రాలు రెండూ లేవు. సీటు లేదు. బ్రేకులు, పెడళ్ళు, చైను కూడా లేవు. నెలాఖరుకు ఎవరూ కొనకపోతే దుకాణదారు దీన్ని ఊడదీసి, ముక్కలు ముక్కలుగా అమ్మేస్తాడట. నా దగ్గర కొంచెం డబ్బు ఉన్నది. కొనమంటారా? మనవూరు తెచ్చుకుంటే మిగతా సామాను అక్కడ దొరుకుతుందా?"

ముందుగా, ఇటలీవాళ్ళకు పందెపు సైకిలంటే అంత మోజు ఎందుకో తెలియాలి. ఎదోవార్దో బియాంచి అనే ఆయన 1885లో మిలానులో చిన్న కార్ఖానా పెట్టాడు. అక్కడినుంచి వచ్చిన సైకిళ్ళకు వేసే నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగును అక్కడివారు చెలెస్తె అంటారు. అంటే ఆకాశపు రంగు. ఫౌస్తో కొప్పి 1949లోనూ, 1952లోనూ ఫ్రాన్సు దేశమంతా చుట్టివచ్చే టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని గెలిచింది బియాంచి సైకిలు మీదనే. ఇక సామాను సంగతికి వస్తే, తుల్లియో కంపాన్యోలో పేరు చెప్పాలి. 1927లో ఆయన ఒక కొండదారిలో పందెం తొక్కుతున్నాడట. మంచు కురుస్తున్నది. గేరు మార్చటానికి వెనకచక్రం ఊడదీయాలి, కాని చలికి వేళ్ళు కొంకర్లుపోయి మరలు తిరగలేదు. పందెం పోయింది. దానిమీదట ఆయన, ఒక్క మీట తిప్పితే చక్రం ఊడివచ్చే ఏర్పాటు కనిపెట్టాడని కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ మీట ఈనాటికీ సైకిళ్ళకు ఉన్నది. 1933లో ఆయన విచెంజా పట్టణంలో కంపెనీ పెట్టాడు.

పాత సైకిళ్ళకు ఇప్పుడు గిరాకీ పెరగటానికి మరో కారణం ఉన్నది. 1997నుంచి ఇటలీలోని గయోలె అనే ఊళ్ళో లెరోయికా అనే సైకిలు యాత్ర జరుగుతున్నది. దానికి పాతకాలపు సైకిళ్ళే తేవాలి. గేరు మీటలు చట్రపు గొట్టం మీదే ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు బయటినుంచి పోవాలి. కాబట్టి పాత పెడలు ఒక్కటి దొరికినా కొనేవాళ్ళు ఉన్నారు.

నేను కుర్రవాడికి రాసిన మొదటి మాట: "లేనివాటి సంగతి తరవాత. ముందు చట్రం చూడు." చక్రం పోతే చక్రం దొరుకుతుంది. వంకరపోయిన చట్రానికి ఎన్ని మంచి చక్రాలు తగిలించినా అది తిన్నగా పోదు. దీన్ని పరీక్షించటానికి పెద్ద యంత్రాలు అక్కర లేదు, ఒక దారం చాలు. మీ ఇంట్లో సైకిలు మీద కూడా చేసి చూడవచ్చు. వెనకచక్రం ఇరుసు ఉండే చోట ఒక పక్క దారం కట్టండి. దాన్ని ముందుకు లాగి, హ్యాండిలు కింద ఉండే నిలువు గొట్టాన్ని చుట్టి, రెండో పక్కగా వెనక్కు తెచ్చి, ఇరుసు రెండో కొసకు బిగించి కట్టండి. ఇప్పుడు సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య ఎంత ఎడమున్నదో రెండువైపులా స్కేలుతో కొలవండి. రెండూ సమానమైతే చట్రం తిన్నగా ఉన్నట్టు. ఒకవైపు 10 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందా, ఆ సైకిలు ఎక్కడో గట్టిగానే పడ్డది.

ఎదురుగా దేన్నో ఢీకొన్న గుర్తులు కూడా చట్రం మీదే ఉంటాయి. హ్యాండిలు కిందినుంచి వెనక్కు వచ్చే రెండు గొట్టాలనూ, కీలుకు దగ్గరగా, అడుగుభాగాన వేలితో తడిమి చూడాలి. ఉబ్బు గాని, రంగులో ముడతలు గాని తగిలితే బేరం ఆడవద్దని చెప్పాను.

తరవాతిది సీటు పిల్లరు. చట్రం ఉక్కు, పిల్లరు అల్యూమినియం. ఈ రెండు లోహాలూ తడిలో చాలాకాలం కలిసి ఉంటే, అల్యూమినియం తినేసినట్టయి తెల్లటి బూజులాంటిది కట్టి, రెండూ ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఉప్పుగాలి తగిలే మన గోదావరి డెల్టాలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పిల్లరు ఊడివస్తే మాత్రం దాని లావు కొలవటం మంచిది. 27.2 మిల్లీమీటర్లు ఉంటే గొట్టం పల్చటి మంచి ఉక్కుతో చేసినదని చాలావరకు అనుకోవచ్చు. 26 దగ్గర ఉంటే గొట్టం గోడ మందమన్నమాట. బయటి కొలత ఒకటే కనక, లోపల ఖాళీ ఎంత తగ్గితే ఉక్కు అంత దళసరి.

మరి చట్రం మీద రాసి ఉన్న పేరో? పేరును చివరకు చూడాలి. పాత కంపెనీల పేర్ల కాగితాలు కొత్తగా అచ్చువేసి అమ్ముతారు. ఎవరైనా ఏ చట్రానికైనా అంటించవచ్చు. లోహంలో పోతపోసినదీ, అచ్చుగుద్దినదీ నమ్మదగినది. కంపాన్యోలో వారి గేరు యంత్రం మీద కొన్ని సంవత్సరాలపాటు పేటెంటు అనే మాట పక్కన రెండు అంకెలు వేశారు. 74 అని ఉంటే 1974. చట్రం, గేరు, క్రాంకులు ఒకే కాలానివైతే అవి పుట్టినప్పటినుంచీ కలిసి ఉన్నవని ఆశపడవచ్చు.

పేరున్నవాడు తొక్కిన సైకిలని అమ్మేవాడు చెబితే ఇంకా జాగ్రత్త. జీనో బార్తాలి అనే వీరుడు 1938లోనూ, మళ్ళీ పదేళ్ళకు 1948లోనూ టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన సాధన చేస్తున్నట్టు నటిస్తూ, యూదులను కాపాడే దొంగ గుర్తింపు కాగితాలను సైకిలు గొట్టాలలో దాచి ఊళ్ళు దాటించాడని చెబుతారు. యూదులను కాపాడినందుకు యాద్ వషెమ్ సంస్థ 2013లో ఆయన పేరును గౌరవించింది. అటువంటివాడి సైకిలని నోటితో అంటే చాలదు, రుజువు కావాలి.

కుర్రవాడు రంగు గురించి కూడా అడిగాడు. "చాలాచోట్ల పెచ్చులు లేచాయి. కొత్తగా వేయించనా?" అన్నాడు. వద్దన్నాను. మా భీమేశ్వరాలయంలో వందలకొద్దీ శాసనాలున్నాయి. కొన్నింటిలో అక్షరాలు అరిగిపోయాయి. శాసనాలు చదివే పండితులు పోయినచోట చుక్కలు పెట్టి, ఉన్నంతవరకే రాసుకుంటారు. ఉలి తీసుకొని కొత్త అక్షరాలు చెక్కరు. చెక్కితే పాతవి ఏవో కొత్తవి ఏవో ఆ తరవాత ఎవరికీ తెలియదు. పాత రంగు కూడా అంతే. తుప్పు తుడిచి, నూనె రాస్తే చాలు.

ఇక మన ఊళ్ళో సామాను దొరకటం సంగతి. మన దేశంలో పేరుపడిన పాత సైకిళ్ళు చాలావరకు ఇంగ్లండు సంప్రదాయంలోనివి. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో పెట్టిన టి.ఐ. సైకిల్సు ఇంగ్లండు కంపెనీతో కలిసి పెట్టినదే. ఆసన్సోలులోని సేన్-రాలే కూడా అటువంటిదే. ఇంగ్లండు కొలతలో క్రాంకుల ఇరుసుకు కుడివైపున ఉండే కప్పు మర ఎదురు తిరుగుడుగా ఉంటుంది. ఇటలీ సైకిలులో రెండువైపులా మామూలు తిరుగుడే. పైగా ఆ కప్పు అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు, మర మాత్రం అంగుళానికి 24 చుట్లు! ఒకే కప్పులో మిల్లీమీటర్లూ అంగుళాలూ కాపురం చేస్తున్నాయి. మన కప్పు దానికి ఎక్కదు. మన 28 అంగుళాల రిమ్ము కన్న దాని రిమ్ము కొంచెం చిన్నది. ఇరుసులోని గుండ్లు మాత్రం పావు అంగుళంవి, ఇక్కడి షాపులోవే సరిపోతాయి. గుండ్లతో సైకిలు కాదు గదా! అందుచేత, పోయిన సామాను అక్కడే వెతకమన్నాను.

ఇప్పుడు లెక్క వేద్దాం. అన్నీ సరిగా ఉన్న అటువంటి సైకిలు ధర 100 పాళ్ళనుకోండి. చక్రాలు కొనటానికి 35, బ్రేకులకు 12, సీటుకు 8, పెడళ్ళకూ చైనుకూ 10 పాళ్ళు పడతాయనుకుందాం. మొత్తం 65. అప్పుడు సగం సైకిలుకు ఇవ్వదగిన ధర 35 పాళ్ళకు మించరాదు. సగం సైకిలు గనక సగం ధర అనుకోవటం కొనేవాళ్ళందరూ చేసే పొరపాటు.

మరి అమ్మేవాడి లెక్కో? ఉన్న గేరునూ క్రాంకులనూ హ్యాండిలునూ విడిగా అమ్మితే 30, చట్రానికి 20, మొత్తం 50 పాళ్ళు వస్తాయి. అంటే విడిభాగాలన్నీ కలిపి 115 పాళ్ళు, వాటితో అమర్చిన సైకిలు 100 పాళ్ళు! ఇది చూడటానికి వింతగా ఉన్నా సంతలో రోజూ జరిగేదే. ఒక్క పెడలు కోసం తిరిగేవాడు దానికి ఎంతైనా ఇస్తాడు. యాభై ఏళ్ళు కలిసి తిరిగిన సామాను ఒక సాయంత్రంలో చెల్లాచెదరు అయ్యేది ఇందువల్లనే. అమ్మేవాడిని తప్పుపట్టి లాభం లేదు; అతని పొట్టకూడు అది. అయితే ముక్కలన్నీ అమ్ముడుపోవటానికి నెలలు పడుతుంది. బేరానికి అక్కడే సందు.

"చట్రం తిన్నగా ఉండి, సామాను ఒకే కాలానిదైతే 35 వరకూ వెళ్ళు. లేకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యి" అని రాశాను.

అతను దారం పట్టుకొని వెళ్ళాడు. తేడా 1 మిల్లీమీటరు వచ్చింది. రంగులో ముడతలు లేవు. గేరు మీద 76 అని ఉన్నది. కాని సీటు పిల్లరు పట్టుకు తిప్పితే కదలలేదు. అది చూపించి బేరమాడితే దుకాణదారు 30 పాళ్ళకు దిగాడు. కుర్రవాడు దాన్ని భుజాన వేసుకొని గదికి తెచ్చుకొని, గొట్టం మొదట్లో రోజూ నూనె చుక్కలు వేస్తూ కూర్చున్నాడు. పదిహేడో రోజున పిల్లరు కిర్రుమని కదిలింది. తుడిచి కొలిస్తే 27.2 వచ్చింది. చక్రాలు ఇంకా దొరకలేదు.