రిలే ఎందుకు టకటకలాడుతోంది?

చీకటి పడగానే దానంతటదే వెలిగే దీపం. స్కూలు సైన్స్ ప్రదర్శనల్లో తరచూ కనిపించే ప్రాజెక్టు ఇది. కావలసిన సరంజామా కొంచెమే: ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్), బీసీ547 ట్రాన్సిస్టర్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 12 వోల్టుల రిలే. ఎల్‌డీఆర్‌ను చేత్తో మూస్తే దీపం వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. తీరా అసుర సంధ్యవేళ అయ్యేసరికి మొండికేస్తుంది. రిలే పడీపడనట్టు ఊగుతుంది, ట్రాన్సిస్టర్ వెచ్చబడుతుంది. కొత్త ట్రాన్సిస్టర్ వేసినా ఒక్కోసారి అదే తంతు.

ముందు మల్టీమీటర్ తీయండి. నల్ల ప్రోబు ఎమిటర్ మీద, ఎర్రది బేస్ మీద పెట్టండి. 0.5 వోల్టుల లోపుంటే ట్రాన్సిస్టర్ దాదాపు మూసుకున్నట్టే, 0.6–0.7 మధ్య ఉంటే తెరుచుకుంది. రెండు మూడు వోల్టులు చూపిస్తే బేస్ జంక్షన్ తెగిపోయి ఉండొచ్చు, లేదా కాళ్లు తారుమారై ఉండొచ్చు. బీసీ547 చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి వరసగా కలెక్టర్, బేస్, ఎమిటర్.

ఇప్పుడు ఎర్ర ప్రోబు కలెక్టర్‌కు మార్చండి. పూర్తిగా తెరుచుకుంటే 0.2 వోల్టులు, మూసుకుంటే 12 రావాలి. మధ్యలో 3, 5 అని వస్తే దొంగ దొరికినట్టే: ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుంది.

లెక్క చూడండి. 100 కిలో ఓమ్‌ల గుండా బేస్‌కు అందేది మహా అయితే 0.11 మిల్లీఆంపియర్లు. గెయిన్, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో ఆ లెక్క, 200 అనుకుంటే కలెక్టర్‌లో 22. రిలే కాయిల్ 400 ఓమ్‌లదైతే దానికి 30 కావాలి. పైగా బీసీ547 గెయిన్ 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఒకే ప్యాకెట్‌లోని రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి పనిచేసి మరొకటి చెయ్యకపోవడానికి కారణం ఇదే. రెండో ట్రాన్సిస్టర్‌ను డార్లింగ్టన్ జతగా కలిపితే రెండు గెయిన్లూ హెచ్చవేతలో పెరిగి రిలే గట్టిగా పడుతుంది.

అప్పటికీ టకటక ఆగకపోతే దీపం వెలుతురు ఎల్‌డీఆర్ మీదే పడుతోందేమో చూడండి. వెలిగితే వెలుతురు, వెలుతురుతో ఆరడం, ఆరితే మళ్లీ చీకటి. ఎల్‌డీఆర్‌ను నల్లటి గొట్టంలో పెట్టి ఆకాశం వైపు తిప్పితే ఈ చక్రం తెగుతుంది. వెలిగే హద్దునూ ఆరే హద్దునూ వేరుచేస్తే ఇంకా మేలు. ఓటో స్మిట్ 1938లో ప్రచురించిన ట్రిగ్గర్ సర్క్యూట్ చేసేది అదే.

బేస్‌లో వోల్టేజీ లేకపోయినా రిలే పట్టుకునే ఉంటే మాత్రం ట్రాన్సిస్టర్ షార్టయినట్టే. కొత్తది వేసేముందు కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా, ఉందో లేదో చూడండి. అది లేకుంటే రిలే వదిలిన ప్రతిసారీ కాయిల్ చిమ్మే వోల్టేజీ కొత్తదాన్నీ కాల్చేస్తుంది.