గడప బయటే గంధర్వులు

పోఖరా సరస్సు ఒడ్డున సారంగి పాటగాళ్లు కలిస్తే చెప్పుకునే కబుర్లలో సగం పాట గురించి, సగం కులం గురించి

తెలుగులో గాయకుణ్ని అంతకు మించి పొగడడానికి మాట లేదు: గానగంధర్వుడు. ఘంటసాలకు, ఆ తర్వాత బాలసుబ్రహ్మణ్యానికి మనం మనసారా ఇచ్చుకున్న బిరుదు అది. నేపాల్ కొండల్లో మాత్రం గంధర్వ అనేది ఇంటిపేరు. ఆ ఇంటిపేరున్న వాళ్లు తరతరాలుగా సారంగి చేతబట్టి ఊరూరా తిరిగి పాడారు. వాకిట్లో మూగిన జనం విని కన్నీళ్లు పెట్టుకున్నారు. దోసెడు బియ్యమో, మొక్కజొన్నలో జోలెలో పోశారు. గడప దాటి లోపలికి మాత్రం రానివ్వలేదు. దేవలోకపు గాయకుల పేరు పెట్టుకున్నవాడు ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయి మరి!

నిజానికి ఆ పేరు కూడా పాతదేమీ కాదు. మొన్నమొన్నటి దాకా వాళ్లను పిలిచింది 'గాయినె' అని. పాడేవాడని దానర్థం. అర్థంలో తప్పు లేదుగానీ, పిలిచే గొంతులోనే తిట్టు ఉండేది. అందుకే గంధర్వ అని మార్చుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద వీరి సంఖ్య ఏడు వేల లోపే. ఇంత చిన్న కులం నేపాలీ జానపద సంగీతానికి దాని ముఖ్య వాద్యాన్ని ఇచ్చింది.

వీళ్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే ఊరు పోఖరా శివార్లలోని బాటులేచౌర్. అక్కణ్నుంచి కిందికి దిగితే ఫేవా సరస్సు. దాని ఒడ్డునున్న బైదాం పేటను ఇప్పుడంతా లేక్‌సైడ్ అనే అంటారు. వర్షాలు వెనకబట్టి, 6,993 మీటర్ల మాఛాపుఛ్రే శిఖరం నీళ్లలో తళతళలాడే అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడ అసలు సీజన్. సాయంత్రమయ్యేసరికి ప్రతి రెండో రెస్టారెంట్లో ఓ బ్యాండు నాలుగు నేపాలీ రాక్ పాటలు, రెండు హిందీ, రెండు ఇంగ్లిష్ వాయిస్తుంటుంది. బయట రోడ్డు మీద భుజాన సారంగి తగిలించుకున్న మనిషి పర్యాటకుడి కళ్లలోకి చూస్తూ రెండు ముక్కలు వాయించి ఆగుతాడు. లోపలివాడికి రాత్రికింత అని జీతం. బయటివాడికి దొరికినంత. ఇద్దరూ సంగీతకారులే, ఇద్దరికీ ఈ సరస్సే అన్నం పెడుతోంది.

అయితే సారంగి వాళ్ల కథలు ఈ లేక్‌సైడ్ పుట్టకముందు మొదలవుతాయి. వాళ్లలో పెద్దవాళ్లు కూర్చుంటే ముందుగా తవ్వుకునేది నడక గురించే. దశైన్ పండుగ, వరి కోతలు అయ్యాక ఇల్లు వదిలితే మళ్లీ వేసవి ముంగిట్లోనే రావడం. మన పల్లెల్లోనూ జంగాలు, శారద కథల వాళ్లు కల్లాల వేళకే దిగేవారు కదా, లెక్క అదే. గింజ ఇంటికి చేరినప్పుడే దాత చెయ్యి తిరుగుతుంది. పోఖరా లోయలో ఫేవా ఒక్కటే కాదు, బేగ్నాస్, రూపా తదితర సరస్సులున్నాయి. మొత్తం తొమ్మిదింటిని కలిపి 2016లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. వాటి ఒడ్డునున్న చిన్న చిన్న బజార్లు, పైనున్న గురుంగ్, మగర్ పల్లెలు కలిపి పాటగాడి సర్క్యూట్. ఒక్కో ఊళ్లో ఒక్కో రేటు. ఒకచోట కోదో (మన రాగులే), ఒకచోట ఉప్పు, మారాజుల్లాంటి వాళ్లుంటే పాత కోటు.

వాళ్ల సామాను కూడా ఎక్కువేం కాదు. నేపాలీ సారంగి మన హిందుస్తానీ కచేరీల్లో కనిపించే పెద్ద సారంగి కాదు. దానికి ముప్పైకి పైగా తీగలుంటాయి, దీనికి నాలుగే. ఒకే చెక్క దుంగను తొలిచి, కింది గుంటకు మేకతోలు బిగించి తయారు చేస్తారు. గంధర్వులు దీన్ని తామే చెక్కుకుంటారు. ఒకప్పుడు మేక పేగుతో తీగలు, గుర్రపు వెంట్రుకలతో కమాను. ఇప్పుడు నైలాన్, స్టీలు. దీనికన్నా పాతదైన అర్బాజో అనే మీటు వాద్యం కూడా వీళ్లదే. అది దాదాపు వాడుక తప్పింది.

పాటగాణ్ని జనం పిలిచి మరీ పాడించుకున్నది రాగం కోసం మాత్రమే కాదు. రోడ్డు, రేడియో లేని రోజుల్లో వార్త వచ్చేది అతని నోటి వెంటే. ఏ రాజు ఏ కోట గెలిచాడు, జంగ్ బహదూర్ రాణా ఏం చేశాడు, ఎక్కడ కొండచరియ విరిగిపడింది, ఏ పల్టన్‌లో ఎవరు చనిపోయారు... అన్నీ 'కర్ఖా' అనే వీరగాథల్లోనో, అప్పటికప్పుడు కట్టిన పాటల్లోనో తెలిసేవి. అన్నిటికన్నా ముఖ్యం సిపాయిల కబురు. నేపాలీలో పరదేశం వెళ్లి కొలువు చేసేవాణ్ని 'లాహురే' అంటారు. రంజిత్ సింగ్ సైన్యంలో చేరడానికి లాహోర్ వెళ్లిన నాటి మాట అది. తర్వాత బ్రిటిష్ వాళ్లు వచ్చారు, రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, 1947లో పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారత్‌కు, నాలుగు బ్రిటన్‌కు పంచుకున్నారు. పేరు మాత్రం లాహురేగానే మిగిలింది. పోఖరా చుట్టుపక్కల కొండలే ఆ సిపాయిల పుట్టిళ్లు.

కాబట్టి సారంగి గొంతు వినిపించగానే వాకిట్లోకి పరుగెత్తుకొచ్చిన తల్లికి కావలసింది పాట కాదు, కొడుకు జాడ. ఈ కథ చెప్పని గంధర్వ కుటుంబం ఉండదనుకోవచ్చు. చేదు కబురు మోసుకెళ్లిన రోజున జోలెలో గింజలు అడగాలా, ఊరక వెళ్లిపోవాలా అన్నది వాళ్ల వృత్తిధర్మంలో ఎన్నడూ తేలని ప్రశ్న.

ఆ బాధనంతా ఒక్క పాటలోకి ఒంపినవాడు ఝలక్‌మాన్ గంధర్వ. 1935లో బాటులేచౌర్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ తిరిగి పాడుకున్న మనిషి. 1960ల్లో రేడియో నేపాల్‌లో రికార్డు చేసిన అతని పాటలో, యుద్ధభూమిలో ప్రాణం పోతున్న సిపాయి తోటివాడికి అప్పగింతలు పెడతాడు. అమ్మ అడిగితే ఏం చెప్పాలి, అన్నదమ్ములు అడిగితే ఏం చెప్పాలి, భార్య అడిగితే ఏం చెప్పాలి అని. ఆరు దశాబ్దాలు దాటినా ఆ పాట విని గొంతు పూడుకుపోని నేపాలీ అరుదు. తన కులం నుంచి రేడియోకెక్కిన తొలి గాయకుడిగా పేరొచ్చిన అతను 2003లో కన్నుమూశాడు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. 1951లో మొదలైన రేడియో నేపాల్ ఝలక్‌మాన్‌ను దేశమంతటికీ వినిపించింది. అదే రేడియో అతని తోటివాళ్ల చేతిలోంచి వార్తను లాగేసుకుంది. ఊరూరా తిరిగే గాయకుడు వచ్చేలోపే కబురు వచ్చేస్తే అతని కోసం ఎదురుచూసేదెవరు? వెనకే రోడ్లు వచ్చాయి. పోఖరాను సరిహద్దుతో కలిపే సిద్ధార్థ రాజమార్గాన్ని భారత్, కఠ్మాండూతో కలిపే పృథ్వీ రాజమార్గాన్ని చైనా కట్టించాయి. ఇద్దరు పెద్ద పొరుగువాళ్లు పోటీపడి రోడ్లేస్తే 1970ల నడిమికల్లా పోఖరాకు రెండు వైపుల నుంచీ బస్సులు దిగాయి. దౌత్య చరిత్రకారులు ఈ రోడ్ల గురించి చాలా రాశారు. వాటి వల్ల ఉపాధి కోల్పోయిన పాటగాడు వాళ్ల లెక్కలోకి రాడు.

రేడియో ఇంకో పని కూడా చేసింది. జానపదం పాడడం తప్పుకాదని పైకులాలకు చెప్పింది. పోఖరాకే చెందిన ధర్మరాజ్ థాపా 1953లో ఎవరెస్ట్ ఎక్కిన టెన్జింగ్ మీద పాట కట్టాడు. టెన్జింగ్ భారతీయుడా, నేపాలీయా అని రెండు దేశాలూ తగవులాడుకుంటున్న రోజులవి. మనవాడే అన్న ఆ పాట ఇంటింటా మోగింది. ఊళ్లోని తాజా కబురును పాటగా కట్టి తిప్పడం గాయినెల విద్యే. అది వేరే చేతుల్లో జాతీయ గీతమంత గౌరవం అందుకుంది. థాపా ప్రతిభను తక్కువ చేయడానికి కాదుగానీ, ఎవరు పాడితే కళ, ఎవరు పాడితే భిక్ష అన్న తేడా ఎక్కడుందో ఇది చెబుతుంది.

రోడ్డెక్కి హిప్పీలొచ్చారు, వాళ్ల వెనక ట్రెక్కింగ్ వాళ్లు. ఊళ్లు తిరిగే గంధర్వుడు సరస్సు ఒడ్డున నిలబడిపోయాడు. ఊళ్లే అతని దగ్గరికి వస్తుంటే నడవడమెందుకు? పాట అర్థంకాని విదేశీయుడికి వార్త అక్కర్లేదు, వస్తువు కావాలి. సారంగి అమ్మకం సరుకైంది. కఠ్మాండూలోని థమేల్‌లో 1990ల్లో గంధర్వులు తమకంటూ ఓ సాంస్కృతిక సంఘం పెట్టుకుని కచేరీలు, పాఠాలు, అమ్మకాలు నడిపారు. ఆల్బమ్‌లు, విదేశీ యాత్రలు కొందరికి దక్కాయి. మిగతావాళ్లకు లేక్‌సైడ్ పేవ్‌మెంటే.

ఇక్కడి కథల్లో హాస్యం పాలు ఎక్కువ. రెండు గంటలు బేరమాడి చివరికి ఫొటో తీసుకుని పోయినవాళ్లు, హిందీ సినిమా పాట వాయించమని పట్టుబట్టే ఢిల్లీ హనీమూన్ జంటలు, సారంగిని గిటార్‌లా మీటి చూసేవాళ్లు. మధ్యలో ఒక మాట మాత్రం నవ్వకుండా వస్తుంది. రెస్టారెంట్ గుమ్మం దగ్గర సిబ్బంది ఆపేస్తారు, కస్టమర్లను ఇబ్బంది పెట్టొద్దంటారు. ఇది వ్యాపారమే, కులం కాదనొచ్చు. తాతల కాలం నుంచీ గడప బయటే నిలబడ్డవాడికి ఆ తేడా చెప్పి ఒప్పించడం కష్టం.

లోపల వాయించే బ్యాండ్ల కబుర్లు వేరు. 1996 నుంచి 2006 వరకు సాగిన మావోయిస్టు అంతర్యుద్ధం వాళ్ల పాతతరానికి బడి. బంద్ ప్రకటిస్తే బస్సుండదు, కర్ఫ్యూ పెడితే శ్రోతలుండరు. ఆ రోజుల్లోనే నేపథ్య బ్యాండు శాంతి పేరిట జిల్లాలు తిరిగి కచేరీలు చేసింది. మన సినిమా టైటిల్స్‌లో 'నేపథ్య గానం' అని చూసే మాటే ఆ పేరు. పోఖరా ప్రాంతపు యువకులు 1990ల మొదట్లో కట్టిన బ్యాండు అది. దాని గాయకుడు అమృత్ గురుంగ్ కొండలెక్కి, పల్లెలు నడిచి పాటలు ఏరుకొచ్చి రాక్ బాణీలో వినిపించాడు. గాయినెలు పాట ఇచ్చి గింజలు తెచ్చుకున్న దారుల్లోనే ఇతను వెళ్లి పాట తెచ్చుకున్నాడు.

ఇప్పుడు సారంగికి మంచిరోజులే. కఠ్మాండూలో 2004లో ఏర్పడ్డ కుటుంబ వంటి వాద్య బృందాలు దాన్ని వేదిక మధ్యకు తెచ్చాయి. సంగీత పాఠశాలల్లో అన్ని కులాల పిల్లలూ నేర్చుకుంటున్నారు. సారంగి పట్టుకున్న గురుంగ్, శ్రేష్ఠ కుర్రాడు సంస్కృతిని కాపాడినవాడవుతున్నాడు. గంధర్వ కుర్రాడు అదే పని చేస్తే కులవృత్తి చేసుకుంటున్నాడంటారు. బాటులేచౌర్ పిల్లలు చాలామంది సారంగి ముట్టనంటే తప్పు పట్టడానికి మనమెవరం? కళ అంతరిస్తోందని బయటివాళ్లు పెట్టే కన్నీళ్లకు ఖర్చేమీ లేదు. 1854 నాటి ముల్కీ ఐన్ చట్టంలో రాసిపెట్టిన అంటరానితనాన్ని 1963లో తీసేశారు. 2011లో దానికి శిక్షలు పెడుతూ ప్రత్యేక చట్టమే తెచ్చారు. అయినా 2021లో కఠ్మాండూలో ఓ దళిత పాత్రికేయురాలికి గది అద్దెకివ్వని యజమానురాలిని అరెస్టు చేస్తే, విడుదలయ్యాక సాక్షాత్తు విద్యామంత్రే తన కారులో ఇంటికి దిగబెట్టి వచ్చారు.

మనకూ ఇది కొత్తకాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన నిర్మాణ పనుల్లో కూలీకి వెళ్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వాద్యాన్ని సన్మానించడం తేలికే, వాయించేవాడికి నెలనెలా బతుకు చూపించడం దగ్గరే ప్రభుత్వాలకు చేతులు రావు.

పోఖరా జనాభా 2021 నాటికి ఐదు లక్షలు దాటింది. ఆ కొండల కుర్రాళ్లు ఇప్పుడూ పరదేశం పోతున్నారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక నేపాల్ అభ్యంతరంతో భారత గూర్ఖా దళాల్లోకి అక్కడివాళ్ల భర్తీ నిలిచిపోయింది. ఖతర్, సౌదీ, దుబాయ్, మలేసియా మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి. కఠ్మాండూ విమానాశ్రయంలో దిగే శవపేటికల సంగతి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. సారంగి పాటగాళ్లు వాటి మీదా పాటలు కట్టారు. అయితే కబురు ఇప్పుడు ముందే ఫోన్‌లో వచ్చేస్తుంది. ఆ విమానాలెక్కే వాళ్లలో గంధర్వుల పిల్లలూ ఉన్నారు.

లేక్‌సైడ్ దుకాణాల్లో మూరెడు కూడా లేని బుల్లి సారంగులు గుత్తులుగా వేలాడుతుంటాయి. పైన దేవుళ్ల బొమ్మలు చెక్కి, మెరుగు పెట్టి ఉంటాయి. బేరగాళ్లు ముందు అడిగేవి అవే. వాటిని వాయిస్తే పలకవు, గోడకు తగిలించుకోవాలి.