వేళ్ల నేస్తములు, తెగుళ్ల మందులు

చలనచిత్రసీమకు కాణాచియైన ఫిలింనగర్ ఇండ్ల ముంగిళ్లలోను, జూబ్లీహిల్స్ మేడలమీదను గులాబీ, మిరప, వంగ, టమాట మొక్కలను తొట్లలో ఎంతయో మక్కువతో పెంచువారు పెక్కుమంది కలరు. ఆకుపై నల్లమచ్చ కనబడగనే తెల్లని కార్బెండజిమ్ పొడిని నీట కలిపి చల్లుటయు, మిగిలినదానిని పారబోయ మనసొప్పక మొక్క మొదట పోయుటయు కలదు. ఆ మిగిలిన నీటి విషయమే నాకు మిక్కిలి కష్టము కలిగించునది. ఏలయన, అది పడుచోట తెగులు లేదు, మొక్కను పోషించు శిలీంద్రము కలదు.

ఈ గుట్టలమీది నేల గ్రానైటు శిల చివికి యేర్పడిన ఎఱ్ఱ గరపనేల. ఇట్టి నేలలలో భాస్వరము ఇనుముతోను అల్యూమినియముతోను బిగిసికొని, వేరునకు సులభముగా చిక్కదు. వేరునూగు అందుకొనలేని మేరకు తలవెండ్రుకకంటె సన్నని పోగులు చాచి, ఆ భాస్వరమును కొనితెచ్చి, వేరుకణముల లోపల సూక్ష్మశాఖలుగా చీలి అప్పగించి, మారుగా చక్కెరలను, క్రొవ్వులను పుచ్చుకొనునవియే ఆర్బస్క్యులర్ మైకోరైజా శిలీంద్రములు. మొక్కజాతులలో ఇంచుమించు నూటికి 70 ఈ పొత్తు గలవియే. స్కాట్లండునందలి రైనీ గ్రామమున దొరకిన 40 కోట్ల యేండ్లనాటి శిలాజములలో సైతము దీని జాడ కలదు. క్యాబేజి, ముల్లంగి, ఆవ, తోటకూర మాత్రము సాధారణముగా దీని నాశ్రయింపవు.

చెట్లవేళ్లయందలి ఇట్టి సహజీవనమునకు జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ 1885లో మైకోరైజా అని పేరిడెను. అదే యేట ఫ్రాన్సున మిల్లార్డే, మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమమును ద్రాక్షతెగులునకు మందుగా ప్రకటించెను. ఈ రెండు విద్యలలో రెండవదియే రైతు చెవిని ముందుగా పడినది.

మందులన్నియు ఒక్కతీరున పనిచేయవు. కార్బెండజిమ్ శిలీంద్రకణముల విభజనకు వలసిన ట్యూబులిన్ అను మాంసకృత్తును పట్టి నిలుపును. నేలలో చేరి కార్బెండజిమ్‌గానే మారునట్టి బెనోమిల్‌ను, ప్రయోగక్షేత్రములలో మైకోరైజాను కోరి అణచుటకే పరిశోధకులు వాడిరనిన, దాని శక్తి యెట్టిదో ఊహింపవచ్చును. మెటలాక్సిల్ అట్టిది కాదు. అది నిజమైన శిలీంద్రములు కాని, నీటిబూజుల జాతికి చెందిన తెగుళ్లను కొట్టునది గనుక, పెక్కు ప్రయోగములలో మైకోరైజాకు హాని చేయలేదు. రాగి మందులు క్షయింపక నేలలో పేరుకొనును. కార్బెండజిమ్ మొక్కలో పైకి ప్రాకునదే గాని క్రిందికి దిగునది కాదు. కావున ఆకుపై మితముగా చల్లినది వేరును చేరుట స్వల్పము, మొదట పోసినదే నేరుగా తాకును.

1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కె.బి.ఆర్. పార్కులోవలె నేల తెగక కలిసియున్నచోట, ఒక తావున శిలీంద్రము నశించినను చుట్టుపట్ల వేళ్లనుండి పోగులు మరల ప్రాకివచ్చును. మేడమీది తొట్టికి ఆ భాగ్యము లేదు, దాని చుట్టును సిమెంటే. అందు శిలీంద్రము నశించినచో మనమే తెచ్చి పెట్టవలెను. పెరటిలో మందు సోకని, ఆరోగ్యముగల వేపచెట్టు క్రింది మట్టిని సన్నని వేళ్లతోకూడ దోసెడు తీసి, కుండీలో జొన్నయో మొక్కజొన్నయో విత్తి రెండుమూడు నెలలు పెంచినచో ఆ వేళ్లలో శిలీంద్రము వృద్ధినొందును. పైరును కోసివేసి, వేళ్లు కలిసిన ఆ మట్టిని క్రొత్తమొక్క నాటునపుడు దాని వేరునకు తగులునట్లు గుంటలో వేయవలెను.