యంత్రం తప్పు చేస్తే ప్రోగ్రామ్ సర్దుకుపోవాలా?

ప్రాసెసరో మెమరీయో అప్పుడప్పుడూ తప్పు చేస్తోందని తెలిసింది. ఆ తప్పును తప్పించుకుపోయేలా సాఫ్ట్‌వేర్‌ను దిద్దుకోవాలా, లేక పాడైన భాగాన్ని మార్చేదాకా పని ఆపాలా?

ముందు తప్పు ఎలా పుడుతుందో చూద్దాం. మెమరీలో ప్రతి సంఖ్యా 0, 1ల వరుసగా ఉంటుంది. ఒక్కో బిట్‌లో నిలిచే విద్యుదావేశం చాలా స్వల్పం. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టిన కణం ఒక్కటి తగిలినా 0 కాస్తా 1 అయిపోవచ్చు. 2003 మే 18న బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా పడ్డాయి. రావడానికి వీల్లేనన్ని ఓట్లు కనిపించడంతో మళ్లీ లెక్కపెట్టారు. 4096 అంటే రెండుకు పన్నెండో ఘాతం. కుడి నుంచి పదమూడో బిట్ ఒక్కటి తిరగబడితే తేడా సరిగ్గా అంతే వస్తుంది. ప్రోగ్రామ్‌లో లోపం దొరకలేదు, అందుకే బిట్ తిరగబడిందనే అనుమానించారు. అదే మూడో బిట్ అయి ఉంటే పెరిగేవి నాలుగు ఓట్లు. ఎవరూ పట్టుకునేవారు కాదు. నా భయమంతా ఇక్కడే: ఆగిపోయే యంత్రం కన్నా, తప్పు జవాబిచ్చి మామూలుగా నడిచిపోయే యంత్రమే ప్రమాదం.

ఇలాంటి చెదురుమదురు తప్పులను సరిదిద్దుకోవడం న్యాయమే. సర్వర్లలో ఉండే ఈసీసీ మెమరీ సాధారణంగా ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు తోడుగా దాస్తుంది. ఒక బిట్ మారితే సరిచేస్తుంది, రెండు మారితే పసిగట్టి చెబుతుంది. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతే దీనికి మూలం.

మరి భాగమే లోపంతో పుడితే? 1994లో ఇంటెల్ పెంటియమ్ చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని బయటపడింది. లోపలి పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. ఏ విభాజకాలతో ప్రమాదమో కచ్చితంగా తేలింది కాబట్టి, అలాంటివి ఎదురైతే రెండు సంఖ్యలనూ ముందే 15/16తో గుణించి భాగించేలా సాఫ్ట్‌వేర్ రాశారు. జవాబు మారదు, లోపమూ తగలదు. హద్దులు తెలిసిన లోపం కాబట్టే అది సాధ్యమైంది.

2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు వివరించిన ఉదంతం వేరు. ఒక ప్రాసెసర్‌లోని 59వ కోర్ (లెక్కలు చేసే విభాగం), 1.1కి 53వ ఘాతం వేసి పూర్ణాంకంగా చెప్పమంటే 156కు బదులు 0 అంది. 52వ ఘాతానికి మాత్రం 142 అని సరిగ్గానే చెప్పింది. ఆ సున్నాను ఫైల్ సైజుగా నమ్మిన ప్రోగ్రామ్, ఫైల్ ఖాళీ అనుకుని దాన్ని వదిలేసింది. ఏ సంఖ్య దగ్గర తప్పుతుందో ముందుగా చెప్పలేని కోర్‌కు ప్రోగ్రామ్‌లో ఎన్ని అతుకులు వేస్తాం? దాన్ని పక్కన పెట్టడమే దారి.

మార్చే వీలే లేకపోతే సంగతి వేరు. 2023 నవంబర్‌లో వాయేజర్-1 అంతరిక్ష నౌక పంపే సమాచారం అర్థం లేకుండా పోయింది. మెమరీలో ఒక చిప్ చెడిపోయిందని నాసా వాళ్లు కనిపెట్టారు. అప్పటికి దాని దూరం 2,400 కోట్ల కిలోమీటర్లు, సంకేతం చేరడానికే ఇరవై రెండున్నర గంటలు. ఆ చిప్‌లోని కోడ్ మొత్తం పట్టేంత ఖాళీ ఒక్కచోట లేదు. ముక్కలు చేసి వేర్వేరు చోట్ల సర్ది, ఒకదాన్నొకటి వెతుక్కునే చిరునామాలన్నీ దిద్దారు. 2024 ఏప్రిల్ 20న నౌక మళ్లీ తన ఆరోగ్యం గురించి తెలిపింది.

కాబట్టి నా తీర్పు ఇది. లోపం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే, లేదా మార్చడం అసాధ్యమైతే, సాఫ్ట్‌వేర్ సర్దుకోవచ్చు. తక్కిన వేళల్లో దాని పని తప్పును పట్టుకోవడం, నమోదు చేయడం, అవసరమైతే ఆగిపోవడం. మళ్లీ ప్రయత్నించి ఫలించగానే లాగ్‌లో ఒక్క ముక్కైనా రాయకుండా ముందుకు సాగే కోడ్ రాయకండి.

మీ ఇంటి కంప్యూటర్‌లో ఫైళ్లు కారణం లేకుండా పాడవుతుంటే, ప్రోగ్రామ్‌ను నిందించే ముందు ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడపండి. మళ్లీ మళ్లీ తప్పు చూపే ర్యామ్‌ను మార్చేయండి.