గోడని ముందు ఆరనివ్వండి

చోడవరంలో మాది పాతకాలపు పెంకుటిల్లు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానుకి పెంకులు లేచిపోయి పడమటి గోడంతా నానిపోయింది. పెంకులు సర్దించాం గానీ గోడ సంగతి పట్టించుకోలేదు. ఒకచోట ఉబ్బు, ఒకచోట గుంట. ఏటా సంక్రాంతికి సిమెంటు మెత్తించి రంగు వేయించడం, వానాకాలంలో అది పెచ్చులుగా ఊడటం! చివరికి ఒకరోజు అరచేయంత పెచ్చు అత్తగారి తలగడ పక్కనే పడింది. ఆవిడ అప్పుడే కాఫీకి లేచారు కాబట్టి సరిపోయింది.

గోడంతా కొట్టేయాలన్నారు ఒకరు. అంత డబ్బెక్కడిది? పక్కవీధి ముసలి మేస్త్రి వచ్చి గోడని వేళ్లతో తట్టి చూశాడు. "ఇది సున్నం గోడమ్మా. మీద సిమెంటు మెత్తితే లోపలి చెమ్మ బయటికి రాలేదు. అదే పూతని తోసేస్తాది" అన్నాడు.

ఇక నేనే పూనుకున్నాను. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా మట్టి పోయించి, బయటికి వాలు పెట్టించాను. ఎండాకాలమంతా గోడని ఆరనిచ్చాను. ఈ ఓపిక లేకపోతే మిగతా పనంతా దండగే.

తర్వాత గోడంతా తట్టి, డొల్లగా మోగినచోట బొగ్గుతో గీత గీశాను. కరెంటు మెయిన్ ఆపి, ఉలితో అంతమేరకే చెక్కాను. దుమ్ము దులిపి, నీళ్లు చిలకరించి, నానిన సున్నం ఒక పాలు, సన్నపు ఇసుక మూడు పాళ్లు కలిపి తాపీతో మెత్తాను. లోతు గుంటలు ఒక్కసారే నింపకండి. అరంగుళం మందం మెత్తి, బిగిశాక రెండో పూత. పొడవాటి చెక్కబద్దని గోడకి ఆనించి ఈడిస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. వారం రోజులు తడి గోనెలు కట్టాను. పైన సున్నమే కొట్టాను, ప్లాస్టిక్ పెయింటు కాదు.

మొదటిరోజు తొడుగుల్లేకుండా పనిచేసి అరచేతులు పగిలాయి. కంట్లో సున్నం పడితే మరీ ప్రమాదం, కళ్లజోడు మానకండి.

మీది సిమెంటు గోడైతే ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుక చాలు. పుట్టీతో గుంటలు పూడ్చకండి. అది ఒకటిన్నర మిల్లీమీటరు మందం నునుపు కోసమే.

మా గోడ అద్దంలా ఏం లేదు. పక్కనుంచి దీపం వెలుగు పడితే అలలు కనిపిస్తాయి. అత్తగారు మాత్రం మంచం మళ్లీ ఆ గోడవారే వేయించుకున్నారు.